ఎమ్మెల్యే సారు లెటర్

ఆరోగ్య బీమా బాగుపడాలని జనం ప్రజాప్రతినిధులను ఎట్లా అడుగుతున్నారో కథలాపూర్ మండలం వైపు నుంచి రాయమన్నారు ఎడిటర్. ధర్నాలు, వినతిపత్రాలు దొరుకుతాయనుకుంటే ఎటు తిరిగినా ఒకే కాగితం ఎదురైంది.

ఆపరేషన్ అయి మనిషి ఇంటికొస్తే పలకరింపు తర్వాత వచ్చే మాట "ఎమ్మెల్యే లెటర్ తీసుకున్నరా?" అనే. ఫలానా ఊరి ఫలానా వ్యక్తి నిరుపేద, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఆదుకోండి అని నాలుగు ముక్కలు, కింద సంతకం. దాని వెనక ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ జిరాక్సు. 2024 జులై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్ అయింది కానీ లెటర్ పోలేదు. దాన్నీ అప్‌లోడ్ చేయాల్సిందే. బిల్లులు మళ్లీ సచివాలయానికి చేరాల్సిందే. మనిషి ఇంకా మంచం మీదే ఉంటే అదే లెటర్‌తో ఎల్‌ఓసీకి, అంటే నిమ్స్‌లాంటి ఆసుపత్రికి సర్కారు ఇచ్చే హామీకి, ఉరుకులు.

కథలాపూర్ వాళ్లకు ఈ తిరుగుడు ఇంకో రకం. జిల్లా జగిత్యాల, అంగడి కోరుట్ల, ఎమ్మెల్యే మాత్రం సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ నుంచి. ఎంపీ కరీంనగర్ నుంచి, పొరుగున ఉన్న కోరుట్లకేమో నిజామాబాద్ ఎంపీ. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఒక దిక్కు, లెటర్‌కు ఇంకో దిక్కు.

సహాయనిధి చెక్కులు పంచే ఫొటోలంటే నాకు మొదట్నుంచీ గిట్టవు. బిల్లంతా చెక్కులో రాదు, ఫొటోలో మాత్రం అందరూ వస్తారు.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. సర్కారు ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీ పుట్టిందే ఈ లెటర్ల కుప్పలోంచి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా సహాయనిధి నుంచి 55,361 మందికి రూ.168.52 కోట్లు ఇచ్చారు. ఆ తాకిడికే వైఎస్ ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో పథకం మొదలుపెట్టి, 2008 జులై 17కు ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించింది. తెలంగాణ 2021లో కేంద్రం పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలైంది.

మరి లెటర్ ఎందుకు మిగిలింది? ఓపీ ఖర్చులు, జాబితాలో లేని చికిత్సలు, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ కార్డుకు అందవు. కార్డుకు అందేవి కూడా ఆగుతాయి: బకాయిలు చెల్లించలేదంటూ 2025 సెప్టెంబరు 16 అర్ధరాత్రి నుంచి ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి, ఆరోగ్య మంత్రితో చర్చల తర్వాతే మళ్లీ మొదలుపెట్టాయి. కాబట్టి వేములవాడ దాకా పోయినవాళ్లు లెటర్‌తో పాటు ఇంకొకటి కూడా అడగాలంటాను: ఆసుపత్రుల బాకీ ఏ నెలది ఆ నెల ఎందుకు తీర్చరు, ఈ సంగతి అసెంబ్లీలో ఎప్పుడు లేవనెత్తుతారు? లెటర్ ఒక ఇంటికే పనికొస్తుంది. ఈ ప్రశ్న మండలానికంతా పనికొస్తుంది. అయితే కడుపునొప్పితో ఉన్న మనిషి పక్కన నిలబడి ఈ ప్రశ్న అడగమనడం నాకు తేలిక, వాళ్లకు కాదు.

బీడీ ఆకు, గల్ఫ్ బాట

లెటర్, కార్డు కాక బీడీ కార్మికులకు, గల్ఫ్ కూలీలకు వేరే ఆసరాలూ ఉన్నాయి. బీడీ కార్మికుల వైద్యానికి 1976 చట్టంతో వచ్చిన సంక్షేమ నిధికి బీడీల మీద సెస్సే ఆధారంగా ఉండేది. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు పోయింది.

గల్ఫ్‌కు పోయే కూలీలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి: రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో చనిపోతే రూ.10 లక్షలు, గుండెపోటుకు ఆ సొమ్ము రాదు. గల్ఫ్ సంఘాలు ఏళ్ల తరబడి అడిగాక, అక్కడ చనిపోయినవారి కుటుంబాలకు రూ.5 లక్షలు ఇస్తూ 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకే అది వర్తిస్తుంది. కథలాపూర్ వాళ్లు దానికి దరఖాస్తు ఇవ్వాల్సింది జగిత్యాల కలెక్టరేట్‌లో.