పరిచయం లేని మనిషి కోసం కన్నీళ్లు

1997 ఆగస్టు 31న పారిస్‌లో జరిగిన కారు ప్రమాదంలో బ్రిటన్ యువరాణి డయానా చనిపోయింది. వారం తిరక్కుండానే లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్ గేట్ల ముందు పూలగుత్తులు గుట్టలుగా పేరుకున్నాయి. చుట్టిన సెల్లోఫేన్ కాగితమైనా విప్పని పూలు, వాటి మధ్య చేత్తో రాసిన చీటీలు. తెచ్చినవాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడి ఎరగరు. మరి ఆమె వీళ్లకేమవుతుంది?

1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు ఇలాంటి ఏకపక్ష పరిచయాన్ని 'పారాసోషల్' అన్నారు. పదేపదే చూసిన ముఖం, విన్న గొంతు మనసుకు దగ్గరైపోతాయి. మనమెవరో ఆ మనిషికి తెలియకపోయినా, ఆమె మనకు తెలిసినట్టే ఉంటుంది.

అయితే పరిచయం ఒక్కటే చాలదు, పోలికా కుదరాలి. డయానాకు 20 ఏళ్లకే పెళ్లయింది. ఇద్దరు కొడుకులు పుట్టారు, కాపురం నిలవలేదు. ప్రసవం తర్వాతి కుంగుబాటు గురించీ, అతిగా తిని బలవంతంగా కక్కేసే బులీమియా గురించీ 1995లో బీబీసీలో తన నోటితోనే చెప్పింది. బ్రిటన్ డాక్టర్ల రికార్డుల్లో కొత్త బులీమియా కేసులు 1990ల తొలి భాగంలో పెరిగి, 1996 తర్వాత తగ్గాయి. ఆ ఇంటర్వ్యూకు ముందే బయటికొచ్చిన ఆమె కథ తెలిశాక, జబ్బును దాచుకున్నవాళ్లు వైద్యానికి ముందుకు రావడం ఆ పెరుగుదలకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

ఆ పోలికే ప్రమాదకరంగానూ మారుతుంది. పరిశోధకుడు కీత్ హాటన్ బృందం లెక్కల ప్రకారం, ఆమె అంత్యక్రియల తర్వాతి నెలలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆత్మహత్యలు 17 శాతం పెరిగాయి. 25-44 ఏళ్ల స్త్రీలలో పెరుగుదల 45 శాతం. డయానా చనిపోయేనాటికి ఆమె వయసు 36. ఆమెలో తమను చూసుకున్నవాళ్ల మీదే దెబ్బ గట్టిగా పడిందనడానికి ఈ అంకెలు ఆధారమిస్తాయి.

సొంతవాళ్లు పోతే పరామర్శకు నలుగురొస్తారు. తెరమీది మనిషి పోయిందని ఏడిస్తే నలుగురూ నవ్వుతారు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకమే తెచ్చారు. పైకి చెప్పుకునే వీల్లేని బాధ లోపలే ముదురుతుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఒక నటి కోసమో గాయని కోసమో కళ్లు తుడుచుకుంటుంటే వెటకారం చేయకండి. ఆమెలో ఏం నచ్చేదో అడగండి, చెప్పనివ్వండి. తిండీ నిద్రా మానేసి, బతుకు మీద విరక్తిగా మాట్లాడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.