ప్రజానాయకుల అంత్యక్రియలు, సంస్మరణ (నెల్లూరు తీరప్రాంతం)

చాలాకాలం ప్రజాజీవితంలో ఉన్న నాయకుడు మరణించినపుడు ప్రభుత్వం, రాజకీయ పార్టీలు, ప్రజలు బహిరంగంగా సంతాపాన్ని, గౌరవాన్ని ప్రకటించే పద్ధతులన్నిటినీ కలిపి ప్రజా నివాళి అనవచ్చు. భౌతికకాయాన్ని ప్రజల సందర్శనార్థం ఉంచడం, అంతిమయాత్ర, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు, సంతాప దినాలు, చట్టసభలలో సంతాప తీర్మానాలు, సంస్మరణ సభలు, విగ్రహాల స్థాపన ఇందులోని ముఖ్య భాగాలు. ఆంధ్ర ప్రదేశ్‌లోని నెల్లూరు తీరప్రాంతానికి చెందిన పలువురు నాయకుల మరణ సందర్భాలలో ఈ పద్ధతుల వివిధ రూపాలు కనిపిస్తాయి. ఆ ఉదాహరణల ఆధారంగా ప్రజా నివాళి స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

పెన్నా, స్వర్ణముఖి నదుల మధ్య, వాటి పరిసరాలలో విస్తరించిన నెల్లూరు తీరం నుండి అనేకమంది రాజకీయ నాయకులు వచ్చారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా, తరువాత ఉత్తర ప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి బుచ్చిరెడ్డిపాలెంలో జన్మించాడు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య స్వగ్రామం విడవలూరు మండలంలోని అలగానిపాడు. ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నేదురుమల్లి జనార్దనరెడ్డి స్వగ్రామం వాకాడు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వాకాడు తిరుపతి జిల్లాలో చేరింది. అంతకుముందు అది నెల్లూరు జిల్లాలో ఉండేది.

ప్రజా నివాళిని మూడు భాగాలుగా చూడవచ్చు. మొదటిది ప్రభుత్వం ఇచ్చే గౌరవం. దీనికి వ్రాతపూర్వకమైన నియమాలు, ఉత్తర్వులు ఉంటాయి. రెండవది పార్టీ ఇచ్చే గౌరవం. పార్టీ జెండా కప్పడం, కార్యకర్తల ఊరేగింపు, నినాదాలు దీనిలో భాగం. మూడవది ప్రజలు తమంతట తాము చూపే గౌరవం. దీనికి ఉత్తర్వుతో పనిలేదు. ఒకే నాయకునికి ఈ మూడూ దక్కవచ్చు, ఒకటో రెండో మాత్రమే దక్కవచ్చు.

ప్రభుత్వ లాంఛనాలు

ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలలో భౌతికకాయంపై జాతీయ పతాకాన్ని కప్పుతారు. సాయుధ పోలీసు దళం గౌరవ వందనం సమర్పిస్తుంది. పోలీసులు తుపాకులను తలక్రిందులుగా పట్టుకొని తలవంచి నిలబడతారు, బ్యూగిల్‌పై విషాద స్వరం వినిపిస్తారు, గాలిలోకి కాల్పులు జరుపుతారు. తుపాకిని తలక్రిందులుగా పట్టుకోవడం, బ్యూగిల్ ఊదడం ఐరోపా సైనిక సంప్రదాయం నుండి బ్రిటిషు పాలనలో భారతదేశానికి వచ్చాయి. మరణించినవారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించే పద్ధతి 1919లో, మొదటి ప్రపంచయుద్ధ మృతుల సంస్మరణ సందర్భంగా, బ్రిటిషు సామ్రాజ్యమంతటా వ్యాపించింది.

జాతీయ పతాకం వినియోగానికి 2002 నాటి భారత పతాక నియమావళి వర్తిస్తుంది. దాని ప్రకారం ముఖ్యాంశాలు ఇవి:

* రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి లేదా ప్రధానమంత్రి మరణిస్తే దేశమంతటా పతాకాన్ని అవనతం చేస్తారు.
* గవర్నరు లేదా ముఖ్యమంత్రి మరణిస్తే ఆ రాష్ట్రమంతటా, రాష్ట్ర క్యాబినెట్ మంత్రి మరణిస్తే ఆ రాష్ట్ర రాజధానిలో అవనతం చేస్తారు.
* అవనతం చేసేటపుడు పతాకాన్ని మొదట స్తంభం చివరివరకు ఎగురవేసి, ఆ తరువాత సగానికి దించాలి. సాయంత్రం పూర్తిగా దించే ముందు కూడా మరల పైవరకు ఎత్తాలి.
* భౌతికకాయంపై కప్పినపుడు కాషాయ భాగం తలవైపు ఉండాలి.
* పతాకాన్ని సమాధిలోకి దించకూడదు, చితిపై కాల్చకూడదు. అంత్యక్రియలకు ముందే దానిని తీసివేయాలి.

ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలిటరీ దళాల అంత్యక్రియలలో తప్ప మరెక్కడా జాతీయ పతాకాన్ని మృతదేహంపై కప్పరాదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ఈ విషయంలో అతిక్రమణను శిక్షార్హం చేసింది. అందువలన పార్టీ కార్యకర్తలు తమ నాయకునిపై అభిమానంతో పార్టీ జెండా కప్పవచ్చు గాని, ప్రభుత్వ నిర్ణయం లేకుండా జాతీయ పతాకం కప్పడం కుదరదు.

పదవిలో ఉన్నవారికి సంబంధించిన నియమాలు స్పష్టంగా ఉన్నా, పదవి నుండి తొలగిన వృద్ధనేతల విషయంలో నిర్ణయం చాలావరకు ఆనాటి రాష్ట్ర ప్రభుత్వ విచక్షణపై ఆధారపడుతుంది. మాజీ ముఖ్యమంత్రులకు, మాజీ మంత్రులకు, కళాకారులకు, సాహిత్యవేత్తలకు కూడా రాష్ట్ర ప్రభుత్వాలు ఈ గౌరవం కల్పిస్తున్నాయి. ఫలానావారికి ఇచ్చి ఫలానావారికి ఎందుకు ఇవ్వలేదన్న వివాదాలు తలెత్తడానికి ఈ విచక్షణే కారణం.

పొట్టి శ్రీరాములు (1952)

పొట్టి శ్రీరాములు పదవులు చేపట్టిన రాజకీయ నాయకుడు కాడు. గాంధేయవాదిగా నెల్లూరులో పనిచేసి, 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశం కోరుతూ నిరాహారదీక్ష చేశాడు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట దీక్ష ప్రారంభించి, 58 రోజుల తరువాత డిసెంబరు 15 రాత్రి మరణించాడు.

మరునాడు మద్రాసు వీధులలో జరిగిన అంతిమయాత్ర ప్రభుత్వం ఏర్పాటు చేసినది కాదు. ప్రజలు తామే నడిపినది. మరణవార్త వ్యాపించగానే ఆంధ్ర ప్రాంతమంతటా దుకాణాలు, పాఠశాలలు మూతపడ్డాయి, రైళ్ళు నిలిచిపోయాయి. పలుచోట్ల అల్లర్లు చెలరేగాయి. నెల్లూరుతో సహా కొన్ని పట్టణాలలో పోలీసు కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. డిసెంబరు 19న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం అవతరించింది. ప్రజల సంతాపమే రాజకీయ నిర్ణయానికి దారితీసిన ఉదాహరణగా ఈ సంఘటనను పేర్కొనవచ్చు. ప్రభుత్వపరమైన గౌరవం చాలా ఆలస్యంగా లభించింది. 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు మార్చారు.

పుచ్చలపల్లి సుందరయ్య (1985)

సుందరయ్య 1913 మే 1న అలగానిపాడులో సంపన్న భూస్వామి కుటుంబంలో జన్మించాడు. కులాన్ని సూచించే భాగాన్ని తన పేరునుండి తొలగించుకున్నాడు. తనకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చివేశాడు. భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు)కు తొలి ప్రధాన కార్యదర్శి. 1985 మే 19న మద్రాసులో మరణించాడు.

కమ్యూనిస్టు నాయకుల అంత్యక్రియలలో పార్టీ గౌరవానికే ప్రాధాన్యం ఉంటుంది. ఎర్రజెండా కప్పడం, పిడికిలి బిగించి వందనం చేయడం, నినాదాలు, విప్లవ గీతాలు వీటి లక్షణాలు. మతపరమైన క్రతువులు సాధారణంగా ఉండవు. పదకొండవ రోజు కర్మకు బదులు సంస్మరణ సభ జరుపుతారు. సుందరయ్య పేరిట హైదరాబాదులో ఏర్పడిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంగా, సభాస్థలంగా పనిచేస్తున్నది. విగ్రహం కంటె గ్రంథాలయం వంటి సంస్థ ద్వారా నాయకుని స్మరించడం ఈ సంప్రదాయంలో కనిపించే విశేషం. ఆయన సోదరుడు, వైద్యుడు రామచంద్రారెడ్డి పేరుతో నెల్లూరులోని ప్రజావైద్యశాల కూడా ఇటువంటిదే.

నేదురుమల్లి జనార్దనరెడ్డి (2014)

నేదురుమల్లి జనార్దనరెడ్డి 1935 ఫిబ్రవరి 20న వాకాడులో జన్మించాడు. 1990 డిసెంబరు 17 నుండి 1992 అక్టోబరు 9 వరకు ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశాడు. తరువాత బాపట్ల (1998), నరసరావుపేట (1999), విశాఖపట్నం (2004) నియోజకవర్గాల నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజ్యసభ సభ్యునిగా కూడా పనిచేశాడు. కోట మండలం విద్యానగర్‌లో 1979లో వెలసిన ఎన్.బి.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల తీరప్రాంతంలో ఆయన పేరుతో ముడిపడిన ముఖ్య విద్యాసంస్థ.

2014 మే 9న, 79 సంవత్సరాల వయసులో, హైదరాబాదులో మరణించాడు. స్వగ్రామమైన వాకాడులో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆ సమయం రాష్ట్ర చరిత్రలో అసాధారణమైనది. 2014 మార్చి 1 నుండి రాష్ట్రపతి పాలన అమలులో ఉన్నందున ఎన్నికైన ముఖ్యమంత్రి లేడు. పాలన గవర్నరు ఇ.ఎస్.ఎల్. నరసింహన్ చేతిలో ఉంది. సీమాంధ్రలో పోలింగు మే 7న ముగిసింది, ఓట్ల లెక్కింపు మే 16న జరగవలసి ఉంది. జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోనున్నది. అవిభక్త ఆంధ్ర ప్రదేశ్‌ను పాలించిన నాయకునికి ఆ రాష్ట్రం ఇంకా అవిభక్తంగా ఉన్న చివరి నెలలోనే అంత్యక్రియలు జరిగాయి. ఆయన జీవితాంతం సేవించిన కాంగ్రెసు పార్టీకి ఆ ఎన్నికలలో సీమాంధ్రలో ఒక్క శాసనసభ స్థానం గాని, లోక్‌సభ స్థానం గాని రాలేదు. అధికార రాజకీయాలకు అతీతంగా లాంఛనాలు అందిన సందర్భంగా దీనిని పేర్కొనవచ్చు.

మేకపాటి గౌతంరెడ్డి (2022)

పై ముగ్గురికి భిన్నంగా, పదవిలో ఉండగా మరణించిన నాయకుని ఉదాహరణ మేకపాటి గౌతంరెడ్డి. ఆత్మకూరు శాసనసభ్యుడు, రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి అయిన ఆయన 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండెపోటుతో 50 సంవత్సరాల వయసులో మరణించాడు. రాష్ట్ర ప్రభుత్వం రెండు రోజుల సంతాప దినాలు ప్రకటించింది. ఫిబ్రవరి 23న జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరిలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 6న ప్రారంభమైన పెన్నానదిపై సంగం బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు.

గ్రామాచారాలు

నాయకుని అంత్యక్రియలు స్వగ్రామంలో జరపడానికి కుటుంబాలు మొగ్గుచూపడం ఈ ప్రాంతంలో సాధారణం. హైదరాబాదులోనో చెన్నైలోనో మరణించినా, భౌతికకాయాన్ని సొంత ఊరికి చేర్చి ఇంటివద్ద ప్రజల సందర్శనార్థం ఉంచుతారు. పరిసర గ్రామాలవారు వచ్చి పూలమాలలు వేస్తారు. వ్యాపారులు స్వచ్ఛందంగా దుకాణాలు మూసివేస్తారు. అంతిమయాత్రలో డప్పుల వాద్యం, దారిపొడవునా పూలు, పేలాలు, చిల్లర నాణేలు చల్లడం తెలుగు పల్లెల పాత ఆచారం. శ్మశానానికి వెళ్ళే దారిలో పాడెను ఒకచోట దించి, మరణించినవారిని పేరుపెట్టి పిలుస్తారు. దీనినే దింపుడు కళ్ళెం అంటారు. ప్రభుత్వ లాంఛనాలు ఈ ఆచారాలను తొలగించవు, వాటి సరసన చేరుతాయి. పోలీసుల వందనం ముగిసి జాతీయ పతాకాన్ని తీసివేసిన తరువాత కుటుంబ ఆచారం ప్రకారం కర్మకాండ జరుగుతుంది. పెద్దకర్మ రోజున జరిగే భోజనాలకు, సంస్మరణ సభకు పార్టీల భేదం లేకుండా నాయకులు హాజరవుతారు.

చట్టసభలలో, ఎన్నికలలో గౌరవం

సభ్యుడు లేదా మాజీ సభ్యుడు మరణించినపుడు శాసనసభలో సంతాప తీర్మానం ప్రవేశపెట్టి, అన్ని పక్షాలవారు మాట్లాడిన తరువాత మౌనం పాటిస్తారు. పదవిలో ఉన్న సభ్యుడు మరణిస్తే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా ఆరు నెలలలోపు ఉప ఎన్నిక జరపాలి. మరణించిన సభ్యుని కుటుంబసభ్యుడు పోటీ చేస్తే ప్రతిపక్షం తన అభ్యర్థిని నిలపకుండా ఉండడం తెలుగు రాజకీయాలలో ఒక మర్యాదగా కొన్నిసార్లు పాటించబడింది. 2022 జూన్‌లో జరిగిన ఆత్మకూరు ఉప ఎన్నికలో గౌతంరెడ్డి సోదరుడు విక్రంరెడ్డి పోటీ చేయగా తెలుగుదేశం పార్టీ పోటీకి దిగలేదు. భారతీయ జనతా పార్టీ మాత్రం పోటీ చేసింది. విక్రంరెడ్డి 82 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. ఈ మర్యాద మృతుని గౌరవిస్తుందని కొందరు, ఓటరుకు ఎన్నుకొనే అవకాశాన్ని తగ్గించి వారసత్వ రాజకీయాలకు తోడ్పడుతుందని మరికొందరు భావిస్తారు.

సంతాపం, చరిత్ర

మరణించినవారి గురించి మంచే మాట్లాడాలన్నది సామాజిక మర్యాద. సంతాప సందేశాలలో ఈ మర్యాద పాటించబడుతుంది. అయితే నాయకుని పాలన ప్రజల జీవితాలను తాకినది కనుక చరిత్ర రచనకు అదే కొలత సరిపోదు. ఉదాహరణకు జనార్దనరెడ్డి గురించిన సమగ్ర చిత్రంలో విద్యాసంస్థల స్థాపనతోపాటు, ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల విషయంలో హైకోర్టు తీర్పు అనంతరం 1992లో ముఖ్యమంత్రి పదవికి చేసిన రాజీనామా కూడా ఉండాలి. ఆయన ప్రభుత్వం 1992లో పీపుల్స్‌వార్ పార్టీపై నిషేధం విధించడం, 2007 సెప్టెంబరులో ఆయన దంపతులపై నెల్లూరు జిల్లాలో జరిగిన మందుపాతర దాడిలో వారు తప్పించుకోగా మరి ముగ్గురు మరణించడం కూడా ఉండాలి. ఆ ముగ్గురి మరణాలకు జాతీయ పతాకం, గౌరవ వందనం వంటి నియమావళి ఏదీ లేదు.

లాంఛనాల విషయంలో అన్యాయం జరిగిందన్న భావన దీర్ఘకాలం నిలిచిపోవచ్చు. మాజీ ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించినపుడు అంత్యక్రియలు అక్కడ గాక హైదరాబాదులో జరగడం తెలుగువారిలో చాలాకాలం చర్చనీయాంశమైంది. 2024లో ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించినపుడు కూడా ఆ చర్చ మరల వినిపించింది. అంత్యక్రియలనాటి గౌరవం ఒక్కరోజు విషయం. జిల్లా పేరు, గ్రంథాలయం, కళాశాల, బ్యారేజీ వంటి సంస్మరణ రూపాలు తరతరాలు నిలుస్తాయి. వాటిని వాడుకొనే ప్రజలకు ఆ పేరు వెనుకనున్న మనిషి మంచిచెడ్డలు రెండూ తెలిసినపుడే సంస్మరణకు అర్థం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* నేదురుమల్లి జనార్దనరెడ్డి
* పుచ్చలపల్లి సుందరయ్య
* పొట్టి శ్రీరాములు
* బెజవాడ గోపాలరెడ్డి
* భారత జాతీయ పతాకం
* వాకాడు