చివరిసారి ఎన్ని కొన్నారు?

"పేదల బస్తీల్లో సిగరెట్ లెక్కలు ఎలా తీస్తారో రాయండి, శుక్రవారం సాయంత్రానికి కాపీ కావాలి" అన్నారు ఎడిటర్‌గారు. చేతిలో నాలుగు రోజులు. మొదటి రోజంతా శాతాలతోనే గడిచిపోయింది. రెండో రోజు ఆ శాతాలు పుట్టిన ప్రశ్నావళి దొరికింది. మిగతా కాగితాలు పక్కన పెట్టేశాను.

అది గ్యాట్స్ ప్రశ్నావళి. పెద్దల పొగాకు అలవాట్ల మీద చాలా దేశాల్లో ఒకే పద్ధతిలో జరిగే సర్వే. మన దేశంలో 2009-10లో ఒకసారి, 2016-17లో మరోసారి చేశారు. రెండోసారి ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) ఆధ్వర్యంలో 74,037 మందిని ఇళ్లకు వెళ్లి అడిగారు. ఇంట్లో ఎవరిని అడగాలో సర్వేవాళ్ల చేతిలోని యంత్రమే తేలుస్తుంది. మగవాళ్లను మగవాళ్లు, ఆడవాళ్లను ఆడవాళ్లు అడుగుతారు.

అందులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "మీ కోసం చివరిసారి సిగరెట్లు కొన్నప్పుడు ఎన్ని కొన్నారు?" జవాబుకు గడులున్నాయి: విడి సిగరెట్లు, ప్యాకెట్లు, కార్టన్లు. ఆ వెంటనే ఎంత ఇచ్చారు, ఏ బ్రాండు, ఎక్కడ కొన్నారు అని వస్తాయి.

నాకీ ప్రశ్న మీద గౌరవం పెరిగింది. "రోజుకెన్ని తాగుతావు?" అంటే మనిషి తనకు నచ్చిన అంకె చెబుతాడు. గుమ్మంలో తల్లి నిలబడి ఉంటే అందులోంచి రెండు తీసేస్తాడు. "చివరిసారి" అన్నామంటే అది గంట కిందటి సంగతి. తిరిగి ఇచ్చిన చిల్లర ఇంకా జేబులోనే ఉంటుంది. ఆ జవాబుల మీద కూడా సర్వే ఖర్చు లెక్క నిలబడింది. 2016-17లో రోజూ సిగరెట్ తాగేవారికి నెలకు సగటున సుమారు 1,192 రూపాయలు, బీడీ తాగేవారికి 284.

ఆ పేజీ పట్టుకుని సికింద్రాబాద్ అడ్డగుట్ట బస్తీలో ఒక పాన్ డబ్బా పక్కన రెండు పొద్దులు కూర్చున్నాను. దీన్ని సర్వే అనను. పదిహేను మందిని కూడా అడగలేదు. అందరి జవాబూ ఒకటే: "ఒకటి."

"ప్యాకెట్ ఎందుకు కొనవన్నా?" అన్నాను, చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆటో అన్నతో.

"జేబుల ప్యాకెట్ ఉంటే దోస్తులు ఊకుంటరా? నేను గూడ ఊకోను. పొద్దుమీకేలోపు ఖతం. ఒక్కొక్కటి కొంటే లెక్కల ఉంటది."

"మరి పొద్దుగాలసంది ఎన్ని అయినయి?"

ఆయన వేళ్లు మడిచాడు. లేవంగానే ఒకటి, చాయ్ తోని ఒకటి, సవారీ దిగినంక ఒకటి... అయిదో వేలు దగ్గర ఆగి, "ఇంకో రెండు గూడ ఉండొచ్చు" అన్నాడు. అప్పటికి పొద్దున పదకొండు గంటలు కూడా కాలేదు. లెక్కలో ఉండాలని ఒక్కొక్కటే కొంటున్న మనిషికే లెక్క తప్పింది. సర్వేలో ఇదే ప్రశ్నకు ఆయన జవాబు 'ఒకటి' అని పడుతుంది. అది నిజమే. కానీ పొద్దున్నించి ఆ కొట్టుకు ఎన్నిసార్లు వచ్చాడో ఆ గడి చెప్పదు.

అక్కడే ఇంకొకటి కనిపించింది. ప్యాకెట్ మూత తెరిచి దుకాణదారు తన వైపు పెట్టుకున్నాడు. 2016 ఏప్రిల్ నుంచి మన ప్యాకెట్లకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. బొమ్మ చూసి మానేద్దామనుకున్నామని గ్యాట్స్ రెండో విడతలో సిగరెట్ తాగేవారిలో 61.9 శాతం మంది చెప్పారు. అంటే బొమ్మ పనిచేస్తోంది. కానీ అడ్డగుట్టలో ఆ బొమ్మను రోజంతా చూస్తున్నది దుకాణదారు ఒక్కడే. ఆయనకు పొగ అలవాటే లేదు. కొనేవాడి చేతికి వచ్చేది తెల్లటి కడ్డీ ఒక్కటే.

ధర సంగతీ అంతే. ప్యాకెట్ మీద గరిష్ఠ ధర అచ్చవుతుంది, కడ్డీ మీద కాదు. పది సిగరెట్ల ప్యాకెట్ 95 రూపాయలనుకుందాం. విడిగా ఒకటి తొమ్మిదిన్నర అని ఎవరూ అమ్మరు, పది అంటారు. రోజు కూలీ మీద బతికేవాడు అలా ప్రతి కడ్డీకీ అర్ధరూపాయి ఎక్కువే ఇస్తాడు.

    

సముద్రం ఒడ్డున అడ్డపొగ
దేశంలో పొగ తాగే ఆడవాళ్లు 2 శాతమే అంది 2016-17 గ్యాట్స్. సిగరెట్ గురించి మాత్రమే అడిగితే దొరకనివాళ్లు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం వైపు పేద ఆడవాళ్లు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు, చుట్ట కాలే కొసను నోట్లోపల పెట్టుకుని తాగుతారు. అదే అడ్డపొగ. దీనివల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వస్తాయని వైద్యులు ఏనాడో తేల్చారు.

లేచిన ఎన్ని నిమిషాలకు?
ఆటో అన్న "లేవంగానే ఒకటి" అన్నాడు కదా. నిద్ర లేచాక మొదటిది ఎప్పుడు ముట్టిస్తారని కూడా గ్యాట్స్ అడుగుతుంది. 5 నిమిషాల లోపా, అరగంట లోపా, గంట లోపా, ఆ తర్వాతా? ఎంత త్వరగా అయితే నికోటిన్ పట్టు అంత గట్టిదన్నమాట.

మళ్లీ ఒక్కొక్కటిగా కొనే సంగతికి వద్దాం. విడి అమ్మకాలను మహారాష్ట్ర 2020లో నిషేధించింది. 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘమూ అదే సిఫారసు చేసింది. నేను నిషేధం వైపే ఉన్నాను. అయితే పోలీసును పాన్ డబ్బా మీదికి మాత్రమే తోలే నిషేధం మీద నాకు నమ్మకం లేదు. అడ్డగుట్ట కూలికి రోజు చివర చేతికొచ్చే డబ్బు ఎంతో దుకాణదారుకు తెలుసు, చట్టానికి తెలియదు. ముందు జరగాల్సినవి రెండు. సర్వే ఫలితాల్లో 'పట్టణం' అనే ఒకే గడిలో జూబ్లీహిల్స్‌నూ అడ్డగుట్టనూ కలపకుండా బస్తీల లెక్క విడిగా ప్రకటించాలి. సిగరెట్ అమ్మే ప్రతి కొట్టులోనూ ప్యాకెట్ మీది హెచ్చరికను కొనేవాడి కంటికి ఎదురుగా కట్టాలి.

2018 నుంచి ప్యాకెట్ మీద ఆ బొమ్మతో పాటు ఒక ఫోన్ నంబరు కూడా ఉంటోంది. మానేయాలనుకునేవారికి కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన ఉచిత నంబరు అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆటో అన్న దాన్ని ఎప్పుడూ చూడలేదన్నాడు. నా ప్రశ్నావళి వెనక రాసి ఇచ్చాను. ఒక్కొక్కటిగా కొనేవాళ్లు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ఈ ముక్క చించి ఇవ్వండి: 1800-11-2356.