కడుపులోని అవయవములకు ముప్పు - అమిలాయిడోసిస్

రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల చుట్టుప్రక్కల గ్రామములలో బావి పనికి పోవు కుటుంబములు పెక్కు కలవు. రాతిని తొలుచునపుడు లేచు ధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి క్షయవ్యాధి సులభముగా సోకును. క్షయ ఊపిరితిత్తులకే పరిమితమని పలువురి తలంపు. కాని దీర్ఘకాలము నయముకాని క్షయ, కొందరిలో కడుపులోని అవయవములను గూడ చెరచును. ఆ స్థితికే అమిలాయిడోసిస్ అని పేరు.

శరీరములో చీము, వాపు, జ్వరము నెలల తరబడి నిలిచియున్నచో కాలేయము ఒక మాంసకృత్తును మితిమీరి తయారుచేయును. దాని ముక్కలు కరగని సన్నని పోగులై మూత్రపిండములు, ప్లీహము, కాలేయము, ప్రేవులలో పేరుకొనును. 1854లో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, ఈ పదార్థము అయొడిన్ తగిలినపుడు పిండివలె రంగు మారుట గమనించి, పిండివంటిది అను అర్థముతో దీనిని 'అమిలాయిడ్' అనెను. ఇది మాంసకృత్తని తరువాత తేలినను ఆ పేరే నిలిచినది. మన దేశములో ఈ తరగతి వ్యాధికి క్షయ ఒక ముఖ్యకారణము. మానని ఎముకల చీము, కీళ్ళవాతము, కుష్ఠువు గూడ కారణములే. ఎముకల మూలుగలోని కణముల వికారమువలన కలుగు తరగతి వేరు.

మూత్రములో నురుగు, పాదములకును ముఖమునకును వాపు దీని ముఖ్య లక్షణములు. ప్రేవులకు సోకినచో విరేచనములు కలిగి, మనిషి చిక్కిపోవును. కాలేయము, ప్లీహము పెరిగినచో కడుపు బరువుగా తోచును.

అల్ట్రాసౌండ్ స్కానింగులో మూత్రపిండములు మొదట పెద్దవిగా అగపడవచ్చును. వ్యాధి ముదిరిన పిమ్మట కుంచించుకొనిపోవును. సి.టి. స్కానింగులో, రక్తనాళములోనికి మందు ఎక్కించి చూచినను ప్లీహము తగినంత ప్రకాశింపకపోవచ్చును. ప్రేవుల గోడలు దళసరిగా కనబడవచ్చును. ఇట్టి మార్పులు ఇతర వ్యాధులలోను కలవు గనుక స్కానింగు ఒక్కటే చాలదు. పొట్ట చర్మము క్రింది కొవ్వునుండి గాని, మూత్రపిండమునుండి గాని చిన్న ముక్కను తీసి, కాంగో రెడ్ అను రంగు పట్టించి, ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో చూతురు. ఆకుపచ్చని మెరుపు కనబడినచో వ్యాధి నిర్ధారణ యగును.

పేరుకొన్న పదార్థమును తొలగించుట కష్టము. మూలవ్యాధిని అణచినచో మరింత పేరుకొనకుండ ఆపవచ్చును. ఆలస్యమైనచో మూత్రపిండములు చెడి, డయాలిసిస్ అవసరము కావచ్చును.

ఇచ్చట పంచాయతీ సభ్యుల బాధ్యత గొప్పది. 2023 మార్చి 24న టి.బి. ముక్త పంచాయతీ కార్యక్రమము ప్రారంభమైనది. రెండు వారములకు మించి దగ్గు గలవారిని తెమడ పరీక్షకు పంపవలెను. ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితము. చికిత్సాకాలములో పోషణ నిమిత్తము ఇచ్చు సహాయము 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచబడినది. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. దగ్గు తగ్గినంత మాత్రమున మందు మానరాదని రోగికిని, ఇంటివారికిని నచ్చజెప్పవలెను. క్షయ వచ్చినవారికి పాదములు వాచినను, మూత్రము నురుగు కట్టినను వెంటనే మూత్రపరీక్ష చేయింపవలెను. స్వల్పవ్యయముతో జరుగు ఆ పరీక్ష ముప్పును ముందుగా తెలుపగలదు.