చీమలదండు వెంట చారల పిట్ట

పనామా దేశపు అరణ్యములలో ప్రొద్దెక్కిన పిమ్మట, ఎండుటాకులపై సన్నని చినుకులు పడుచున్నట్లొక సవ్వడి పుట్టి క్రమముగా దగ్గరపడి, బొద్దింకలును ఇలకోళ్ళును తేళ్ళును సాలెపురుగులును ప్రాణభీతితో ఆకులక్రిందనుండి వెలువడి చెట్ల మొదళ్ళ కెగబ్రాకుట కనబడెనేని, దండుచీమలు వేటకు బయలుదేరినవని గ్రహింపవలెను. ఆ దండు అంచున, నిలువెత్తుకు మించని చోట, మ్రాను బోదెను కరచుకొని, మేను కదల్పక తలమాత్రము అటునిటు త్రిప్పుచు, గోధుమవన్నె పెద్దపక్షి యొకటి కాచుకొనియుండును. ఏ మిడతయో బెరడుపైకి ప్రాకినంతనే ఎగిరి దానిని ముక్కున కరచి, మరల మ్రానికే వ్రాలి, బోదెకు వేసి రెండుమూడు మారులు బాది మ్రింగును.

ఇదియే నార్తర్న్ బార్డ్ వుడ్‌క్రీపర్. దక్షిణ మెక్సికో మొదలుకొని ఈక్వడార్ వాయవ్యభాగము వరకు దీని ఉనికి కలదు. పొడవు రమారమి 28 సెంటీమీటర్లు. తలమీదను మెడమీదను కడుపుమీదను సన్నని నల్లని అడ్డచారలు. రెక్కలును తోకయును ఎఱ్ఱజేగురు రంగు. మన వడ్రంగిపిట్టవలెనే ఇదియు నిటారుగా మ్రాకుల నెక్కుచు, తోకయీకల గట్టికాడలను బెరడునకు ఆనించి దేహభారమును నిలుపుకొనును. అయినను ఆ రెంటికిని దగ్గరి చుట్టరికము లేదు. వడ్రంగిపిట్టకు సామాన్యముగా రెండు వ్రేళ్ళు ముందుకును రెండు వెనుకకును ఉండగా, దీనికి మూడు ముందుకు, ఒకటి వెనుకకు. ముక్కు దిట్టమైనదే కాని కొయ్యను తొలుచు విద్య దీనికి అబ్బలేదు. గ్రుడ్లు పెట్టుటకును ఉన్న తొర్రనే వెదకికొనును. బ్రతుకుతెరువు ఒకటైనప్పుడు వేర్వేరు వంశముల ప్రాణులు ఒకే రూపునకు ఎట్లు వచ్చునో తెలియగోరువారికి ఈ రెండు తోకలను పక్కపక్కన పెట్టి చూపిన చాలును.

చీమల వెంట తిరుగు పక్షి చీమలనే తినుననుకొనుట సహజము; కాని దీనికి కావలసినవి చీమలు గావు, చీమలు తరిమిన పురుగులు. ఆ విందునకు అనేక జాతుల పక్షులు చేరును, అయితే పంక్తిభేదము మిక్కుటము. వేట దట్టముగానున్న నడిచోటు పెద్దపిట్టలది. చిన్నవి అంచులలో దొరికినదానితో తృప్తిపడవలెను. 1960 మొదలుకొని ఎడ్విన్ విల్లిస్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పనామాలోని బారో కొలరాడో ద్వీపమున ఈ దండుల వెంట నడచి, ఏ పక్షి దేనిని తరుమునో, ఏది దేనికి తొలగి చోటిచ్చునో ఓపికతో వ్రాసికొనెను. ఈ పక్షుల రెట్టలకై కొన్ని సీతాకోకచిలుకలు సైతము దండును వెన్నంటి వచ్చును. ఉచ్ఛిష్టమునకును ఆశ్రితులు కలరన్నమాట!

అయితే ఈ అన్నదాత నిత్యము ఒకే తీరున వడ్డించునది కాదు. 1932 నుండి ఆ ద్వీపముననే పరిశోధించిన ష్నైర్లా అను శాస్త్రజ్ఞుడు తెలిపిన ప్రకారము, లక్షలకొలది చీమలు గల యీ దండు రమారమి పదునైదు దినములు ప్రతిదినమును వేటాడుచు మజిలీలు మార్చుచుండును. పిదప రాణి గ్రుడ్లు పెట్టు కాలమున ఇరువది దినములు ఒక్కచోటనే, కాళ్ళతో కాళ్ళు పెనవైచుకొని తమ దేహములతోనే కట్టుకొన్న గూటిలో నిలిచిపోవును. అప్పుడు వేట సన్నగిల్లును. కొన్ని దినములు అసలే యుండదు. కావున దండును నమ్ముకొన్న పక్షి ఒక్కదానినే నమ్ముకొన్నచో పస్తులు తప్పవు. ఒకటి విశ్రమించునప్పుడు వేరొకటి నడచుచుండవలెను, ఆ నడచుదాని జాడ పక్షికి తెలిసియుండవలెను. ఒక్క దండు సంచారమునకే సుమారు 30 హెక్టార్ల అడవి పట్టుననిన, ఈ పక్షికి ఎంత అడవి కావలెనో చదువరులే లెక్కించుకొనవచ్చును.

ఆ అడవి విశాలమైనంత మాత్రమున చాలదు, తెగక యుండవలెను. పనామా కాలువకై ఛాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేయగా నిండిన గాటున్ సరస్సులో ఒక కొండ తల దాదాపు 1,500 హెక్టార్ల దీవిగా మిగిలెను. అదియే బారో కొలరాడో. 1923 నుండి అది రక్షితప్రదేశము, చీమలదండులకు కొదువ లేదు. అయినను ఆ విందులోని పెద్దపిట్టలలో నొకటియగు ఆసిలేటెడ్ యాంట్‌బర్డ్ అక్కడినుండి అంతరించెను. కారణములు పెక్కు చెప్పబడుచున్నవి; పోయిన పక్షి స్థానమునకు ఆవలి యొడ్డునుండి మరియొకటి రాకపోవుటకు మాత్రము ఒక ప్రయోగము సమాధానము చెప్పినది. అడవిలోపలి పక్షులను పడవలో గొంపోయి నీటిపై విడువగా, కొన్ని జాతులు నూరు మీటర్లయినను ఎగురజాలక సరస్సులో పడిపోయెను. పడినవానిని పరిశోధకులే పైకి దీసిరి.

బ్రెజిలులో మనాస్ నగరమునకు ఉత్తరమున, 1979లో థామస్ లవ్‌జాయ్ అను శాస్త్రజ్ఞుడు ఆరంభించిన బృహత్పరిశోధనలో, పచ్చికబీళ్ళ నడుమ ఒకటి, పది, నూరు హెక్టార్ల అడవిముక్కలను ప్రత్యేకించి నిలిపిరి. చెట్లు నిలిచినవి, నీడ నిలిచినది. దండుచీమల మీదనే ఆధారపడు పక్షులు మాత్రము ఒక హెక్టారు, పది హెక్టార్ల ముక్కలనుండి కొలదికాలముననే మాయమయ్యెను.

ఇంత ప్రాంతమును కాపాడితిమని ప్రభుత్వములు హెక్టార్ల లెక్క చెప్పునప్పుడు, ఆ హెక్టార్లు ఒక్కటిగా నున్నవా, ముక్కలుగా నున్నవా అని అడుగుట మరువరాదు.