పదసూచి ఒక్కటే, దిద్దే చోట్లు అనేకం

ఒకే ధాన్యాన్ని రాయలసీమలో రాగులనీ, కోస్తాలో చోళ్ళనీ, తెలంగాణలో తైదలనీ అంటారు. అందువల్ల మాండలిక పదసూచిలో మాట ఎంత ముఖ్యమో, దాని పక్కన రాసే ఊరి పేరూ అంతే ముఖ్యం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశం వెలువడిన 1962లో సేకరణ అంతా కాగితాలమీదే. నేడు అది ఫైళ్ళలో ఉంది. చిక్కల్లా ప్రతులతోనే. విశ్వవిద్యాలయంలో ఒకటి, ధర్మపురిలో తిరిగే విద్యార్థి దగ్గర మరొకటి. రెండింటినీ వేర్వేరుగా దిద్దితే ఏది సరైనదో చెప్పలేం.

తమిళనాడులో 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇంట తెలుగు మాట్లాడినా లిపి రానివారు ఈ ప్రాంతంలో ఉన్నారు. వారి నోటి మాటే మనకు ఆధారం. పదాన్ని వారి ఎదుటనే దిద్దాలి. ఫైలు మాత్రం విశ్వవిద్యాలయపు కంప్యూటరులో ఒక్కచోటే ఉండాలి.

దీనికి సాధనం సెక్యూర్ షెల్ (ఎస్.ఎస్.హెచ్.). 1995లో ఫిన్లండు దేశస్థుడు తాతు యులోనెన్ దీన్ని రూపొందించాడు. అంతకుముందు వాడిన టెల్నెట్‌లో సంకేతపదం పోస్టుకార్డు మీది రాతలా దారిలో ఎవరికైనా కనిపించేది. ఇందులో అంటించిన కవరులో వెళుతుంది. ఈమాక్స్ ఎడిటరులో 2007 నుంచి ‘ట్రాంప్’ అనే భాగం దీని ద్వారా దూరపు ఫైలును తెరుస్తుంది.

అమరిక ఇలా:

1. ఎస్.ఎస్.హెచ్. కీజెన్‌తో తాళాల జత చేసుకోవాలి. రహస్య భాగం మన దగ్గరే ఉంచి, బహిరంగ భాగాన్ని అక్కడి కంప్యూటరులో చేర్చాలి.

2. ఎస్.ఎస్.హెచ్. కాన్ఫిగ్ ఫైలులో ఆ కంప్యూటరు చిరునామాకు, మన వాడుకరి పేరుకు కలిపి ఒక పొట్టి పేరు పెట్టుకోవాలి.

3. ఈమాక్స్‌లో కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఎఫ్ నొక్కి, వరుసగా స్లాష్, ఎస్.ఎస్.హెచ్., కోలన్, పొట్టి పేరు, కోలన్, ఫైలు దారి టైపు చేయాలి. మొదటిసారి అక్కడి కంప్యూటరు వేలిముద్ర చూపిస్తుంది. దాని నిర్వాహకుణ్ణి అడిగి సరిపోల్చుకున్నాకే ‘ఎస్’ అనాలి.

4. ఫైలు యు.టి.ఎఫ్.-8లోనే ఉండాలి. అందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు. వేరే సంకేతపద్ధతిలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

ఒక సంగతి మరవరాదు. ఈమాక్స్ తెరిచేది తాత్కాలిక ప్రతిని. సేవ్ చేసినప్పుడే మార్పు అక్కడికి చేరుతుంది. కాబట్టి ప్రతి పదానికీ కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఎస్ నొక్కడం మేలు. పల్లెల్లో లైను తెగినా పని పోకుండా, ‘ట్రాంప్’ ఆటోసేవ్ ఫోల్డరును మన కంప్యూటరులోనే స్థిరమైన చోట పెట్టుకోవాలి. ఈలోగా మరొకరు ఫైలును మార్చి ఉంటే సేవ్ చేసే ముందు హెచ్చరిక వస్తుంది. అప్పుడు పైన రాసేయకుండా రెంటినీ పోల్చి చూడాలి.

ఏ మాట సరైనదో ఎడిటరు చెప్పదు. అది ఊరివారు చెప్పవలసిందే. వారు చెప్పింది మరో ప్రతిలో చిక్కుకుపోకుండా చూడటమే ఈ ఏర్పాటు ప్రయోజనం.