బందరు లడ్డు – పెరటి ఉసిరి

బందరు పేరు వినగానే తెలుగువారికి లడ్డు స్ఫురించును. సెనగపిండి జంతికలను నేతిలో వేయించి, దంచి, పాకముతో కలిపి మరల దంచి చుట్టెడి ఆ తొక్కుడు లడ్డు, కలంకారీ అద్దకములవలెనే మచిలీపట్నమునకు పేరు తెచ్చినది. పండుగనాడు ఒక లడ్డు తినుటవలన ఆరోగ్యవంతునకు కీడు లేదు. కాని నేడు పండుగ ప్రతిదినమును వచ్చుచున్నది. ఉదయము కాఫీలో చక్కెర, మధ్యాహ్నము తెల్లని అన్నము, సాయంకాలము సీసాలోని తీపి పానీయము! ఇంత తీపి శరీరములో ఏమి చేయును?

మన కణములలో మైటోకాండ్రియా అను సూక్ష్మమైన పొయ్యిలు కలవు. అవి ఆహారమును ప్రాణవాయువుతో మండించి శక్తి నిచ్చును. పొయ్యి మండునప్పుడు నిప్పురవ్వలు రేగును గదా! సూపరాక్సైడు మొదలగు చురుకైన అణువులే ఆ రవ్వలు. వానిని చల్లార్చు ఎంజైము శరీరమునందే కలదని 1969లో అమెరికా శాస్త్రజ్ఞులు మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొనిరి. అయితే గ్లూకోజు మితిమీరినచో రక్తనాళ కణములలో ఈ రవ్వలు హెచ్చునని 2000లో న్యూయార్కునందలి బ్రౌన్‌లీ బృందము ప్రయోగములతో చూపెను. రవ్వలు హెచ్చి, ఆర్పు శక్తి చాలని స్థితికే ఆక్సీకరణ ఒత్తిడి యని పేరు. మధుమేహమున కన్నులు, మూత్రపిండములు, నరములు చెడుటకుగల కారణములలో ఇది యొకటి.

చెట్టు దినమెల్ల ఎండలో నిలిచియుండును. కావున తన్ను తాను కాచుకొను పదార్థములను అది తయారు చేసికొనును. నేరేడుపండు నీలిమ, ఎఱ్ఱ గోంగూర కాడల రంగు, పసుపుకొమ్ము పచ్చదనము, ఉసిరికాయ వగరు – ఇవన్నియు అట్టివే. పులిగడ్డవద్ద చీలిన కృష్ణ పాయల నడుమనున్న దివిసీమలో పెరటి మునగయు, కరివేపాకును ఎవరికిని క్రొత్త కావు.

ఈ సంపదను పోగొట్టునది మన తెలుపు మోజు. గుడివాడ ప్రాంతపు బియ్యపు మరలలో గింజను తెల్లగా చేయునప్పుడు తవుడుతోపాటు ఈ పదార్థములును చాలవరకు పోవును. చెరకు రసము తెల్లని చక్కెరగా మారునప్పుడును అంతే. బెల్లములో అవి కొంత మిగులును. కాని బెల్లమును ప్రధానముగా చక్కెరయే. దానిని మందని భ్రమింపరాదు.

అట్లయిన గుళికలు మింగిన చాలునా? ఫిన్లాండులో పొగత్రాగెడి 29,133 మంది పురుషులపై జరిగిన పరిశోధన 1994లో వెలువడినది. బీటా కెరోటిన్ గుళికలు తీసికొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతము హెచ్చినది. ఆకును ఆకుగా, పండును పండుగా తినుటయే క్షేమము. తీపి తగ్గింపక ఉసిరి నమలుట, పొయ్యిలో కట్టెలు పెట్టుచునే నీళ్ళు చల్లుట వంటిది. చేర్చిన చక్కెర దినమునకు సుమారు 50 గ్రాములు మించరాదనియు, 25 గ్రాములకు తగ్గిన మరింత మేలనియు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

ఉపాధ్యాయుడు తరగతిలో రెండు పాఠములు చెప్పవచ్చును. అరటికాయను రెండు ముక్కలు కోసి, ఒకదానికి నిమ్మరసము పూయవలెను. పూయని ముక్క ముందుగా నల్లబడును. పిమ్మట తీపి పానీయపు సీసాపై అచ్చువేసిన చక్కెర గ్రాములను పిల్లలచే లెక్కింపజేయవలెను. ఈ రెండును నేర్చిన బాలుడు బందరు లడ్డును మానడు. పండుగ వచ్చువరకు వేచియుండును.